రాయ్ గిల్‌క్రిస్ట్ 13 టెస్టులకే ఎందుకు ఆగిపోయాడు, హైదరాబాద్‌కి ఆడిన మాట నిజమేనా

తమ్ముడూ, నువ్వడిగినవి రెండు. ఒకటి, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్, 13 టెస్టుల్లో 57 వికెట్లు తీసినోడు, గాయం లేదు, ఫామ్ పోలేదు, మరి 24 ఏళ్లకే ఎందుకు ఆగిపోయాడు అని. రెండోది, ఈ జమైకా బౌలర్ హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడని మీ పెదనాన్న గారు చెప్తే మీ ఇంట్లో ఎవరూ నమ్మట్లేదు, నిజమేనా అని.

రెండోదానికి ముందు చెప్పేస్తా. నిజమే. 1962-63 సీజన్‌లో రాయ్ గిల్‌క్రిస్ట్ హైదరాబాద్‌కి రంజీ ట్రోఫీ ఆడాడు. పెదనాన్న గారికి నా నమస్కారం చెప్పు. అది ఎలా జరిగిందో చివర్లో చెప్తా, ఎందుకంటే మొదటి ప్రశ్న అర్థం కాకుండా రెండోది చెప్తే ఉత్త క్విజ్ ఆన్సర్‌లా ఉంటుంది.

నేను లీగ్‌లో పదిహేనేళ్లు కొత్త బంతితో వేశాను, తర్వాత ఇరవై ఏళ్లకి పైగా పిల్లలకి ఫాస్ట్ బౌలింగ్ నేర్పించాను. ఈ మనిషి గురించి ఎక్కడ ఏం దొరికినా చదివాను. ఆయన మీద నా అభిప్రాయం చాలాసార్లు మారింది, ఇప్పుడు ఒకచోట నిలబడింది. ఆయన్ని టూర్ మధ్యలో ఇంటికి పంపడం కరెక్టే. మళ్లీ ఎప్పటికీ పిలవకపోవడం మాత్రం తప్పు. కింద చెప్పేదంతా దీని గురించే.

గిల్‌క్రిస్ట్ 1934 జూన్ 28న జమైకాలో సెయింట్ థామస్ ప్రాంతంలోని సీఫోర్త్‌లో పుట్టాడు. చెరకు తోటల్లో కష్టం చేసుకునే కుటుంబం, ఇంటినిండా పిల్లలు. పొడగరి కూడా కాదు, 5 అడుగుల 8 అంగుళాల దగ్గర ఉంటాడు, మనం వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ అనగానే గార్నర్, ఆంబ్రోస్ లాంటి తాటిచెట్టు మనుషుల్ని ఊహించుకుంటాం కదా, అలా కాదు. కానీ చేతులు బాగా పొడవు, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఒంట్లో బలమంతా ఆ చేతిలోకి తెచ్చి విసురుగా వదిలేవాడు. ఎత్తు తక్కువ ఉన్న ఫాస్ట్ బౌలర్ బౌన్సర్ వేస్తే ఇంకా కష్టం తమ్ముడూ, పొడుగోడి బౌన్సర్ చాలాసార్లు తల మీదుగా పోతుంది, వంగితే చాలు, పొట్టోడిది జారుకుంటూ నేరుగా గొంతు దగ్గరికి వస్తుంది. ఆడినవాళ్లకి తెలుస్తుంది ఆ తేడా.

1957లో ఇంగ్లండ్ టూర్‌కి తీసుకున్నప్పటికి ఆయన ఆడింది నాలుగే నాలుగు ఫస్ట్ క్లాస్ మ్యాచులు. ఎడ్జ్‌బాస్టన్‌లో మొదటి టెస్టు, ఇంగ్లండ్ బ్యాటర్లు పీటర్ మే, కౌడ్రీ కలిసి 411 పరుగులు జోడించి వెస్టిండీస్ స్పిన్నర్ రామదిన్ చేత ఒక్క ఇన్నింగ్స్‌లో 98 ఓవర్లు వేయించిన మ్యాచ్ అదే. ఆ సిరీస్ ఆయనకి పెద్దగా కలిసిరాలేదు, 4 టెస్టుల్లో 10 వికెట్లు, అవి కూడా ఖరీదుగా. తర్వాత 1958లో సొంతగడ్డ మీద పాకిస్తాన్‌తో 5 టెస్టులు, 21 వికెట్లు. హనీఫ్ మహమ్మద్ 337 కొట్టి దాదాపు మూడు రోజులు క్రీజు వదలని బ్రిడ్జ్‌టౌన్ టెస్టులో కూడా ఉన్నాడు, అందరికీ హనీఫ్ ఇన్నింగ్సే గుర్తుంటుంది కానీ అంతకుముందు మొదటి ఇన్నింగ్స్‌లో పాకిస్తాన్ 106కే ఆలౌట్, అందులో గిల్‌క్రిస్ట్‌వి 4. సోబర్స్ 365 కొట్టిన కింగ్‌స్టన్ టెస్టులో కూడా ఆడాడు. చరిత్ర చుట్టూ జరుగుతున్నప్పుడు పక్కన కొత్త బంతి పట్టుకుని ఉన్నది ఇతనే.

ఇక మన దేశం. 1958-59 టూర్.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. అప్పటికి కొన్నేళ్లుగా వెస్టిండీస్ అంటే రామదిన్, వాలెంటైన్, అంటే స్పిన్. ఈ టూర్‌లో రెండువైపుల నుంచీ నిజమైన పేస్‌తో వచ్చారు, ఒకవైపు గిల్‌క్రిస్ట్, ఇంకోవైపు అదే సిరీస్‌లో టెస్టుల్లో అడుగుపెట్టిన వెస్ హాల్. హాల్‌కి 30 వికెట్లు, గిల్‌క్రిస్ట్‌కి నాలుగే టెస్టుల్లో 26, సగటు, అంటే ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు, 16.11. ఇద్దరూ కలిపి 56. మనవాళ్లు ఆ సిరీస్‌లో నలుగురు కెప్టెన్లని మార్చారు, ఉమ్రిగర్, గులాం అహ్మద్, వినూ మన్కడ్, హేమూ అధికారి. ఈ గులాం అహ్మద్ మన హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్, కాన్పూర్, కలకత్తా టెస్టులకి ఆయనే కెప్టెన్. కాన్పూర్‌లో గిల్‌క్రిస్ట్ లేడు, అయినా హాల్ ఒక్కడే 11 తీశాడు.

కలకత్తా టెస్టు 1958 డిసెంబర్ 31న మొదలైంది. వెస్టిండీస్ 5 వికెట్లకి 614 కొట్టి డిక్లేర్ చేసింది, కన్హాయ్ 256, బుచర్ 103, సోబర్స్ 106 నాటౌట్. తర్వాత మనం 124 ఆలౌట్, ఫాలో ఆన్‌లో, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగి, 154 ఆలౌట్. గిల్‌క్రిస్ట్ మొదట 18 పరుగులకి 3, తర్వాత 55కి 6, మొత్తం 73 పరుగులకి 9. ఇన్నింగ్స్ 336 పరుగుల తేడా, ఇన్నింగ్స్ ఓటముల్లో మనకి ఇప్పటికీ అదే పెద్దది. గులాం అహ్మద్ ఆ టెస్టు తర్వాత మళ్లీ టెస్టు ఆడలేదు.

స్పీడ్ ఎంత అని నువ్వడగబోతున్నావని తెలుసు. అప్పట్లో స్పీడ్ గన్ లేదు కాబట్టి నంబర్ చెప్పను. కానీ ఒక విషయం గమనించాలి, అప్పటి నో బాల్ రూల్ వేరు. ఇప్పుడు ముందు కాలు చూస్తారు, అప్పుడు వెనక కాలు బౌలింగ్ క్రీజు వెనక పడిందా లేదా అన్నదే చూసేవాళ్లు, అందుకని వెనక కాలు ఈడ్చుకుంటూ వచ్చే బౌలర్ బంతి వదిలే టైంకి ముందు కాలు చాలా ముందుకి వచ్చేసి ఉండేది, అంటే బ్యాటర్‌కి 22 గజాలు అన్నది పేరుకే. హెల్మెట్ లేదు, ఛాతీకి గార్డు లేదు, గ్లోవ్స్ కూడా పలచగా ఉండేవి. అలాంటి రోజుల్లో ఈ స్పీడ్.

ఇక అసలు గొడవ, బీమర్. తెలియనివాళ్ల కోసం, బంతి నేల తాకకుండా నేరుగా తల మీదకో ఛాతీ మీదకో వచ్చేది. బౌన్సర్ అయితే పిచ్ అయిన చోటు చూసి తల తప్పించుకోవచ్చు, బ్యాటర్ కళ్లు అలవాటుగా కిందే వెతుకుతాయి, బీమర్‌కి కింద ఏమీ ఉండదు, బంతి కనబడేసరికి మొహం దగ్గర ఉంటుంది. నాకు తెలిసిన ప్రతి ఫాస్ట్ బౌలర్ చేతి నుంచి ఎప్పుడో ఒకసారి చెమటకి జారి బీమర్ వెళ్లే ఉంటుంది, వెంటనే చెయ్యెత్తి సారీ చెప్తాం, గుండె కాసేపు దడదడలాడుతుంది. గిల్‌క్రిస్ట్ కావాలని వేసేవాడు. ఫాస్ట్‌గా ఫుల్‌టాస్ వేయకూడదని ఏ రూల్ పుస్తకంలోనూ ఒక్క మాట లేదు అన్నది తర్వాత ఆయన రాసుకున్న సమర్థన. అక్షరాలా చూస్తే అప్పటికి అది నిజమే, ఇప్పుడైతే నడుం పైన వస్తే నో బాల్, ప్రమాదకరం అనిపిస్తే అంపైర్ బౌలింగ్ నుంచే తీసేయొచ్చు. కానీ రూల్ లేదన్నంత మాత్రాన ఎదుటి మనిషి తల పగిలితే ఎవడు బాధ్యుడు? ఈ విషయంలో నేను ఆయన్ని వెనకేసుకురాను.

టూర్ మొత్తం కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్‌తో ఆయనకి పడలేదు. అలెగ్జాండర్ కూడా జమైకావాడే, కానీ కేంబ్రిడ్జ్‌లో చదువుకున్న పైవర్గం మనిషి, వికెట్ కీపర్. ఇతను చెరకు తోటల నుంచి వచ్చినోడు. ఒకే ద్వీపం, ఒకే టోపీ, మధ్యలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. అప్పటికి వెస్టిండీస్‌ని ఒక నల్లజాతి కెప్టెన్ పూర్తి సిరీస్‌కి నడిపిన రోజు ఇంకా రాలేదు, వోరెల్‌కి ఆ అవకాశం 1960లో గానీ ఇవ్వలేదు. ఇది తెలియకుండా గిల్‌క్రిస్ట్ కథని ఉత్త కోపిష్ఠి మనిషి కథగా చదివితే సగమే చదివినట్టు.

ఢిల్లీ టెస్టు 1959 ఫిబ్రవరిలో అయిపోయింది, మన బ్యాటర్ చందు బోర్డే మొదటి ఇన్నింగ్స్‌లో 109, రెండోదాంట్లో 96, ఇంకో నాలుగు కొడితే రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ, అప్పుడు గిల్‌క్రిస్ట్ బంతికి హిట్ వికెట్ అయ్యాడు, అంటే తన వికెట్లని తనే తాకి ఔటయ్యాడు. సిరీస్ 3-0. ఆ తర్వాత అమృత్‌సర్‌లో నార్త్ జోన్‌తో మ్యాచ్. ఇక్కడే ముగిసింది అంతా. బ్యాటింగ్‌లో ఉన్నది స్వరణ్‌జీత్ సింగ్, అతను కూడా కేంబ్రిడ్జ్‌కి ఆడినోడే, అలెగ్జాండర్‌కి పరిచయస్తుడు. గిల్‌క్రిస్ట్‌ని బౌండరీ కొట్టి ఏదో మాటన్నాడని చెప్తారు. దాంతో ఇతను బీమర్లు మొదలుపెట్టాడు. ఆపమని కెప్టెన్ చెప్పినా ఆపలేదు. లంచ్‌కి అలెగ్జాండర్ అతన్ని పక్కన పెట్టి, నువ్వు ఇంటికి వెళ్లిపోవాలి అని చెప్పేశాడు. జట్టు పాకిస్తాన్ వెళ్లింది, గిల్‌క్రిస్ట్ ఇంటికి విమానం ఎక్కాడు. పాకిస్తాన్‌లో వెస్టిండీస్ కరాచీలో, ఢాకాలో ఓడి సిరీస్ 2-1తో పోగొట్టుకుంది.

అలెగ్జాండర్ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. ఎదుటోడి ప్రాణం మీదకి వస్తున్నప్పుడు కెప్టెన్ వికెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు. దీనిమీద నాతో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, వర్గం గొడవ, కేంబ్రిడ్జ్ స్నేహం అంటారు, అవన్నీ ఉండొచ్చు, ఉన్నాయనే నేనూ అంటున్నా, కానీ ఆ క్షణంలో ఆ నిర్ణయం మాత్రం సరైందే.

తప్పు జరిగింది ఆ తర్వాత. ఒక టూర్ నుంచి పంపారు, సరే. ఒక సిరీస్ పక్కన పెట్టొచ్చు, ఏడాది పెట్టొచ్చు. వీళ్లు శాశ్వతంగా తలుపు మూసేశారు. 1960లో ఇంగ్లండ్ వచ్చినప్పుడు హాల్‌కి జోడీగా చెస్టర్ వాట్సన్‌ని ఆడించారు. 1960-61 ఆస్ట్రేలియా టూర్‌కి వోరెల్ కెప్టెన్ అయ్యాడు, అతను గిల్‌క్రిస్ట్ నాకు కావాలి అని బోర్డుని అడిగాడు. బోర్డు కాదంది. ఇది గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఆ జట్టుని అందరికంటే బాగా అర్థం చేసుకున్న కెప్టెన్, క్రమశిక్షణ అంటే ప్రాణం పెట్టే మనిషి, ఇతన్ని నేను చూసుకుంటా అన్నాడు. అయినా వద్దన్నారు. ఆ టూర్‌లోనే బ్రిస్బేన్ టై టెస్టు జరిగింది, చివరి ఓవర్ వేసి వేసి హాల్ ప్రాణం పోయేంత అలిసిపోయాడు. రెండో ఎండ్‌లో గిల్‌క్రిస్ట్ ఉండి ఉంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

లెక్క చూడు. గిల్‌క్రిస్ట్ 13 టెస్టులు 57 వికెట్లు, టెస్టుకి 4.4 దాకా, సగటు 26.68. హాల్ 48 టెస్టులు 192, టెస్టుకి సరిగ్గా 4, సగటు 26.38. తర్వాత హాల్‌కి జోడీగా పేరు తెచ్చుకున్న గ్రిఫిత్ 28 టెస్టులు 94, టెస్టుకి 3.4 కూడా లేదు. అంటే బోర్డు మూసుకున్న తలుపు అవతల ఉన్నది ఏ స్థాయి బౌలరో చూడు.

నా సొంత విషయం ఒకటి చెప్పాలి ఇక్కడ, ఎందుకంటే నా అభిప్రాయం మారింది దీనివల్లే. నా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చేవాడు, పదిహేడేళ్లు, కాళ్లకి సరైన బూట్లు లేవు, నేను చూసిన పిల్లల్లో వాడంత స్పీడ్ ఇంకెవరికీ లేదు. నెట్స్‌లో ఒక సీనియర్ బ్యాటర్ వాణ్ణి కొట్టి నవ్వాడు, వాడి బూట్ల గురించి ఏదో అన్నాడు. తర్వాతి బంతి బీమర్, భుజానికి తగిలింది. నేను అందరి ముందూ వాణ్ణి తిట్టి, నెల రోజులు ఇటు రావొద్దు అని పంపేశా. నెల అయింది, వాడు రాలేదు. నేనూ వెళ్లి అడగలేదు, వాడే వస్తాడులే అనుకున్నా. మూడు నెలల తర్వాత తెలిసింది ఏదో పనికి వేరే ఊరు వెళ్లిపోయాడని. పంపించినందుకు నాకు బాధ లేదు. వాళ్ల ఇంటికి వెళ్లి మళ్లీ పిలవనందుకు ఉంది, ఇప్పటికీ ఉంది. నవ్విన సీనియర్‌ని నేను ఒక్క మాట కూడా అనలేదు, అది ఇంకా ఎక్కువ ఉంది.

సరే, గిల్‌క్రిస్ట్. టెస్టులు లేకపోతే బతుకు గడవాలి కదా, ఇంగ్లండ్‌లో లాంకషైర్ ప్రాంతం లీగుల్లో ప్రొఫెషనల్‌గా ఆడాడు, మిడిల్టన్, బేకప్ లాంటి క్లబ్బులకి. శని ఆదివారాల్లో మిల్లు ఊళ్ల జనం మధ్య మ్యాచులు, క్లబ్బుకి ఒకే ప్రొఫెషనల్, బాగా ఆడితే ప్రేక్షకుల మధ్య చందా పట్టి డబ్బులిస్తారు. పాతతరం వెస్టిండీస్ ఆటగాడు కాన్‌స్టంటైన్ కాలం నుంచి వెస్టిండీస్ వాళ్లకి అదే జీతం దారి. వారాంతం క్లబ్ బ్యాటర్లు, గుమస్తాలు, మిల్లు పనివాళ్లు, వాళ్ల మీదకి ఇంత స్పీడ్‌తో వచ్చేవాడు, వికెట్లు కుప్పలు కుప్పలుగా తీశాడు, గొడవలూ తగ్గలేదు.

ఇంటి విషయం కూడా దాచకూడదు. 1967లో భార్య మొహాన్ని వేడి ఇస్త్రీపెట్టెతో కాల్చాడన్న కేసులో దోషిగా తేలాడు, కోర్టు మూడు నెలల ప్రొబేషన్‌తో వదిలేసింది, ఆటలో మంచోడని ఇలాంటివాళ్లని సహిస్తున్నారని జడ్జి బాధపడ్డాడు. పేదరికం, అవమానం, బోర్డు చేసిన అన్యాయం ఇవేవీ దీనికి కారణంగా చెప్పడానికి నేను ఒప్పుకోను. ఫాస్ట్ బౌలింగ్ ప్రేమికులు కొందరు ఈ భాగం దాటేసి రాస్తారు. ఆవిడ పడిన నొప్పి ఆ 57 వికెట్ల కంటే చిన్నదేమీ కాదు.

చాలా ఏళ్లు ఇంగ్లండ్‌లోనే ఉండి 1985లో జమైకా తిరిగెళ్లాడు, చివర్లో పార్కిన్సన్స్ జబ్బు, 2001 జూలైలో పోయాడు, 67 ఏళ్లు.

ఇప్పుడు హైదరాబాద్. 1962లో మన జట్టు వెస్టిండీస్ వెళ్లి 5-0తో ఓడింది. అంతకన్నా పెద్ద దెబ్బ, బార్బడోస్‌తో మ్యాచ్‌లో గ్రిఫిత్ బంతి కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకి తగిలి పుర్రె పగిలింది, ప్రాణం దక్కింది గానీ టెస్టు కెరీర్ పోయింది. వోరెల్ వచ్చి రక్తం ఇచ్చాడు. మన దేశంలో అసలు నిజమైన పేస్ ఎదుర్కొనే ప్రాక్టీసే లేదు, రంజీలో కొత్త బంతి మెరుపు పోగొట్టడానికి రెండు ఓవర్లు వేయించి స్పిన్నర్లకి ఇచ్చేవాళ్లు. అప్పుడు మన బోర్డు నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లని పిలిపించి రంజీ జట్లకి పంచింది. బొంబాయికి చార్లీ స్టేయర్స్, బెంగాల్‌కి లెస్టర్ కింగ్, ఢిల్లీకి చెస్టర్ వాట్సన్, హైదరాబాద్‌కి రాయ్ గిల్‌క్రిస్ట్. జోన్ల మధ్య జరిగే దులీప్ ట్రోఫీలో గిల్‌క్రిస్ట్ సౌత్ జోన్‌కి కూడా ఆడాడు.

ఒకసారి ఆలోచించు. మన దేశంలో బీమర్లు వేశాడని మన దేశం నుంచే ఇంటికి పంపించిన మనిషిని నాలుగేళ్లు తిరక్కుండా మన బోర్డే పిలిచింది, మా కుర్రాళ్లకి పేస్ అంటే ఏంటో చూపించు అని. గులాం అహ్మద్ ఊరికే, జైసింహ, ఆబిద్ అలీల జట్టుకే వచ్చాడు. జైసింహ గారు అప్పుడే ఆ వెస్టిండీస్ టూర్‌లో హాల్ బంతులు ఎదుర్కొని వచ్చినాయన. సొంత బోర్డు ఇవ్వని రెండో అవకాశం ఏదైనా ఉందంటే అది మన దగ్గర దొరికిన ఆ ఒక్క సీజనే. హైదరాబాద్ క్రికెట్ గురించి మాట్లాడేటప్పుడు జైసింహ కాలరు, అజారుద్దీన్ మణికట్టు, లక్ష్మణ్ 281 అన్నీ చెప్పుకుంటాం, దీన్ని ఎందుకు వదిలేస్తామో నాకు అర్థం కాదు.

పెదనాన్న గారు ఆ సీజన్ చూసి ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి చెప్పించుకుని ఫోన్‌లో రికార్డ్ చెయ్యి తమ్ముడూ, నిజంగా చెప్తున్నా, ఆ బౌలింగ్ కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువమంది మిగిలారు. రనప్ ఎక్కడి నుంచి మొదలయ్యేది, కీపర్ ఎంత వెనక నిలబడేవాడు, స్లిప్‌లో ఎవరుండేవాళ్లు, జనం ఏమని అరిచేవాళ్లు, ఇవి అడుగు. స్కోర్‌కార్డులో ఇవేవీ ఉండవు.

ఆ సీజన్‌లో హైదరాబాద్ బెంగాల్‌తో కలకత్తాలో ఆడింది. ఈడెన్ గార్డెన్స్, గిల్‌క్రిస్ట్ 9 వికెట్లు తీసిన అదే గ్రౌండ్. అవతల పంకజ్ రాయ్, ఆ కలకత్తా టెస్టులో మన ఓపెనర్, ఇప్పుడు వయసు మీదపడి టెస్టు జట్టు నుంచి వెళ్లిపోయినవాడు. గిల్‌క్రిస్ట్ ఆడిన ఆ మ్యాచ్‌లో ఆయన రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టాడు. బెంగాల్ వాళ్లు ఇప్పటికీ ఆ రెండు సెంచరీల గురించి చెప్పుకుంటారు. ఆ సీజన్ తర్వాత గిల్‌క్రిస్ట్ ఇంకో ఫస్ట్ క్లాస్ మ్యాచ్ ఆడలేదు, మొత్తం 42 మ్యాచులు, 167 వికెట్లు, చివరివి హైదరాబాద్ సీజన్‌వే. అప్పటికి ఆయనకి ఇంకా 29 నిండలేదు.